స్వచ్ఛందంలో ఉన్న ఛందం

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం హాలులో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. సభలోని మాటలు, నవ్వులు ఉన్నచోట ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ కుర్రాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేను ప్రశ్నలేమీ అడగను. రిటైరై తొమ్మిదేళ్ళయింది. (నవ్వులు)

బౌద్ధంలో కోరిక గురించి మాట్లాడమన్నారు నన్ను. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆవిడ, "కోరికలు వద్దని చెప్పడానికి గంటసేపెందుకండీ, ఒక్క ముక్కలో తేలిపోతుంది కదా" అంది. మనలో చాలామందికి బౌద్ధమంటే అంతే. కోరికలే దుఃఖానికి మూలం, కోరికలు చంపుకోండి అన్నాడు బుద్ధుడు, అయిపోయింది. సాంఘికశాస్త్రం క్లాసులో ముప్పై ఏళ్ళు నేనూ అదే చెప్పాను. పరీక్షలో అలా రాసిన వాళ్ళకి మార్కులు కూడా వేశాను. ఆ పిల్లల్లో ఒకరిద్దరు ఇవాళ ఈ హాల్లో కనబడుతున్నారు. బాబూ, అది తప్పురా. మార్కులు మాత్రం వెనక్కి తీసుకోనులే.

సారనాథ్‌లో అయిదుగురు శిష్యులకి ఆయన చేసిన మొదటి ఉపదేశంలో దుఃఖానికి మూలంగా చెప్పింది కోరిక కాదు, తణ్హా. ఇది పాలీ మాట, పాత బౌద్ధ గ్రంథాల భాష అది. సంస్కృతంలో తృష్ణ. అసలు అర్థం దప్పిక. ఏప్రిల్ ఎండలో ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగినవాడికి గొంతు ఎండిపోతుందే, అదీ తృష్ణ. అప్పుడు మనిషి నీళ్ళని కోరుకోడు, నీళ్ళకోసం ఆత్రపడతాడు. రెంటికీ తేడా ఉంది. కోరుకునేవాడు గ్లాసు కడిగి ఉందా లేదా చూస్తాడు. ఆత్రపడేవాడు చూడడు.

మనం చేసిన పొరపాటేమిటంటే ఈ దప్పికనీ, ఇంకొక మాటనీ కలిపేసి రెంటికీ ‘కోరిక’ అని ఒకటే ముద్ర కొట్టాం. ఆ రెండో మాట ఛందం. పాలీలో ఛంద. ఇది మనకి తెలియని మాటేం కాదు. స్వచ్ఛందంగా వచ్చాడు అంటాం, స్వచ్ఛంద సేవ అంటాం. స్వ, ఛందం. తన ఛందం. అంటే తనలోంచి పుట్టిన ఇష్టం, పూనిక, ఈ పని చెయ్యాలి అనిపించడం. ఎవడైనా స్వచ్ఛందంగా రక్తం ఇచ్చాడంటే వాడికి కోరికలెక్కువ అని మనం అనం కదా. రోజూ నోట్లో నలుగుతున్న మాటలోనే బౌద్ధంలో సగం ఉంది. ఇన్నేళ్ళూ నాకే కనబడలేదు.

కాస్త పక్కదారి పడతాను. పక్కదారి లేకపోతే నాకు పాఠం రాదు. ఇక్కడికి దగ్గర్లో, వంశధార ఒడ్డున, బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ ఉంది. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. సరే, పిక్నిక్కి వెళ్ళినవాళ్ళు కూడా ఎత్తండి. (నవ్వులు) ఆ స్తూపాల సంగతి 1919లో లోకానికి తెలియజెప్పింది గిడుగు రామ్మూర్తి పంతులుగారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో ఒక కథ ఉంది. బ్రాహ్మణ కుటుంబాల్లోంచి వచ్చిన ఇద్దరు భిక్షువులు బుద్ధుడి దగ్గరికెళ్ళి, "రకరకాల జనం తమ తమ మాటల్లో చెప్పుకుని మీ వచనాన్ని పాడుచేస్తున్నారు, దాన్ని వేదాల తరహాలో ఛందస్సులోకి ఎక్కిస్తాం" అన్నారు. ఆయన వాళ్ళని మందలించి, ఎవరి భాషలో వాళ్ళు నేర్చుకోవచ్చు అన్నాడు. ఛందస్సు వద్దన్న గురువుగారి స్తూపం, గ్రాంథికం వద్దన్న పంతులుగారి కంటే పడింది. ఇందులో నిరూపించేదేమీ లేదు, తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది, అంతే.

మళ్ళీ దప్పిక దగ్గరికి వద్దాం. తృష్ణ మూడు రకాలన్నారు. కామతృష్ణ, భవతృష్ణ, విభవతృష్ణ.

కామతృష్ణ అంటే ఇంద్రియసుఖాల దప్పిక. దీని గురించి నా సంగతే చెబుతాను. నాకు షుగరుంది. ఆమధ్య మా పాత సహోద్యోగి ఒకాయన మాడుగుల హల్వా పట్టుకొచ్చాడు. డబ్బా మూత తీశాడు. నెయ్యి వాసన. ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం. బౌద్ధులు దీన్ని వరసగా చెబుతారు. స్పర్శ, వేదన, తృష్ణ, ఉపాదానం. వాసన ముక్కుకి తగలడం స్పర్శ. అది హాయిగా ఉండడం వేదన. తెలుగులో వేదన అంటే బాధ అయిపోయింది గానీ వాళ్ళ లెక్కలో హాయీ వేదనే, బాధా వేదనే, ఏదీ కానిదీ వేదనే. అంతవరకూ ఏ తప్పూ లేదు. నెయ్యి వాసన హాయిగా ఉండకపోతే డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆ తరవాత నోరూరింది, చెయ్యి కదిలింది. అది తృష్ణ. ఇక ఉపాదానం, అంటే పట్టుకోవడం. ఇది పట్టుకుందంటే లోపల ఒక వకీలు లేచి నిలబడతాడు. "ఒక్క ముక్కకి ఏమవుతుంది? రేపు రెండు రౌండ్లు ఎక్కువ నడుద్దాం. ఆయన అంతదూరం నుంచి తెచ్చాడు, తినకపోతే నొచ్చుకోడూ?" చూశారా, నా నాలుక వ్యవహారం చివరికి మర్యాద వ్యవహారమైపోయింది!

తిన్నాను. అబద్ధమెందుకు? రెండో ముక్క దగ్గర మాత్రం ఒక విచిత్రం జరిగింది. మొదటి ముక్క ఇంకా నోట్లో ఉండగానే చెయ్యి డబ్బాలోకి వెళ్ళిపోయింది. అది నాకు కనబడింది. నోట్లో ఉన్నదాన్ని నేను తినడం లేదు, చేతిలోకి రాబోయేదాన్ని తింటున్నాను. నలభై ఏళ్ళుగా స్వీట్లు తింటున్నానని అనుకుంటున్నాను గానీ, ఎన్ని ముక్కల రుచి నిజంగా చూశానో లెక్కేస్తే సిగ్గేస్తుంది.

బుద్ధుడి ఉపదేశాల సంకలనాల్లో ఒకటైన అంగుత్తరనికాయంలో ఒక మాట ఉంది. లోకంలో ఉన్న అందమైన వస్తువులు కామం కాదు, మనిషి సంకల్పంలో ఉన్న రాగమే కామం, ఆ అందాలు లోకంలో అలాగే ఉంటాయి అని. హల్వాది తప్పు కాదు. తెచ్చినాయనది అంతకన్నా కాదు.

భవతృష్ణ అంటే ఏదో ఒకటి అయిపోవాలన్న దప్పిక. ఒక ఏడాది ఉత్తమ ఉపాధ్యాయుడు అవార్డుకి దరఖాస్తు పెట్టుకున్నాను. ఫైలు నిండా ఫోటోలు, సర్టిఫికెట్లు. ఆ ఏడాదంతా క్లాసులో పాఠం చెబుతూనే, పాఠం చెబుతున్న నన్ను నేనే ఫోటో తీసుకుంటున్నట్టు ఉండేది. లిస్టులో పేరు రాలేదు. ఒక ఆఫీసు గుమాస్తా మీద కోపం, ఆ తరవాత ఊరందరి మీదా కోపం. పాఠం మీద నాకున్నది ఛందం, అవార్డు మీద ఉన్నది తృష్ణ. రెండూ ఒకే మనిషిలో, ఒకే పీరియడ్‌లో, పక్కపక్కనే ఉన్నాయి.

విభవతృష్ణ గురించి ఎక్కువ చెప్పను. ఇది లేకుండా పోతే బాగుణ్ణు, నేనే లేకుండా పోతే బాగుణ్ణు అనిపించడం. దాన్ని కూడా బుద్ధుడు దప్పికల్లోనే లెక్కేశాడు. కోరికలు చంపుకుంటాను, అన్నీ వదిలేస్తాను అని ఆవేశపడేవాళ్ళలో చాలామందిది వైరాగ్యం కాదు, ఇదే. ఇంట్లో ఎవరైనా పదేపదే అలా మాట్లాడుతుంటే మాత్రం వేదాంతం చెప్పకండి. పక్కన కూర్చోండి, డాక్టరుకి చూపించండి.

ఇక ఛందం. దీని గురించి చెప్పాలంటే మా మావ గురించి చెప్పాలి. కవిటి వైపు, ఉద్దానంలో ఉంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటింది. జీడి, కొబ్బరి ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడున్నవాళ్ళలో సగంమంది చుట్టాలు ఆ ఊళ్ళలోనే ఉన్నారు. మా మావకి అప్పటికి డెబ్బై దాటాయి. ఆయన తాత వేసిన తోట. నేను వెళ్ళేసరికి పడిన చెట్టు మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే పలకలేదు. వేలు చూపించి లెక్కపెడుతున్నాడు. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి. ఎన్నిసార్లు లెక్కపెట్టినా లేచి నిలబడే చెట్లు కావవి. నెలరోజులు అదే పని అంది మా అత్త.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. తోటలో గునపం చప్పుడు. మూడడుగుల గొయ్యి తవ్వి, అడుగున ఉప్పు, బూడిద వేసి, మొలకెత్తిన కాయని నిలబెట్టి మట్టి కప్పుతున్నాడు. ఎంత నిదానంగా అంటే, నేను వెనకాల నిలబడ్డ సంగతి కూడా తెలీదు. నేనే నోరు జారాను. "మావా, ఇవి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడతాది కదా, ఇప్పుడేటి నీకీ కష్టం?" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "కాపు సంగతి చెట్టు సూసుకుంటాది. గొయ్యి సంగతి నాను సూసుకోవాల" అన్నాడు.

మా మావ బౌద్ధుడు కాదు. పాలీ అంటే పాల వ్యాపారం అనుకుంటాడు. (నవ్వులు) కానీ ఛందమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ గొయ్యే గుర్తొస్తుంది. థాయ్ భిక్షువు పయుత్తో ఈ తేడాని చాలా చోట్ల వివరించాడు. ఆయన చెప్పేదాని సారం, నా మాటల్లో చెబితే, ఇలా ఉంటుంది. తృష్ణకి కావాల్సింది అనుభవించడం. ఛందానికి కావాల్సింది పని బాగా జరగడం. ఇల్లు ఊడ్చేవాడికి కూలి మీద ధ్యాసుంటే చీపురు బరువవుతుంది. ఇల్లు శుభ్రంగా ఉండాలని ఉంటే ఊడవడంలోనే కొంత కూలి ముడుతుంది. అసలు కూలి అడగొద్దని కాదండోయ్. కూలి ఎగ్గొట్టేవాళ్ళకి ఈ మాట దొరికితే ప్రమాదం.

ఒక చిక్కు దాచకుండా చెప్పాలి. పాలీ గ్రంథాల్లో ఛందం ఎప్పుడూ మంచి మాటే కాదు. ధ్యానానికి అడ్డొచ్చే అయిదింటిలో మొదటిదాని పేరు కామచ్ఛందం, అంటే ఇంద్రియసుఖాల మీది ఛందం. అదే మాట. ఇంకోవైపు, సాధనకి నాలుగు పాదాలున్నాయని చెబుతూ, ఛందం, వీర్యం అంటే పట్టుదల, చిత్తం, మీమాంస అంటే పరిశీలన అని, మొదటి పాదంగా ఛందాన్నే పెట్టారు. మనసుని విడదీసి చూపే బౌద్ధ గ్రంథాలు, అభిధర్మం అంటారు, ఈ చిక్కు విప్పాయి. లోభాన్ని చెడ్డవాటిలో పడేసి, ఛందాన్ని మాత్రం అటూ ఇటూ కాని పట్టికలో పెట్టాయి. దేంతో కలిస్తే దాని రంగు. అంటే మా మావ గొయ్యిలో ఉన్న ఛందం, రేపు "ఈ ఊళ్ళో నా తోటంత తోట లేదు" అన్న రోజున రంగు మారిపోతుంది. మారిందో లేదో పక్కవాడు చెప్పలేడు.

మంచి ఛందం కూడా బిగిసిపోవచ్చు. తెల్లవారుజామున మన స్టేడియం వైపు వెళితే కానిస్టేబులు సెలక్షన్లకీ, ఆర్మీకీ పరుగెత్తే కుర్రాళ్ళు కనబడతారు. మోకాలు వాచినా కట్టు కట్టుకుని పరుగెడతారు. ఇలాంటి కుర్రాడే ఒకడు బుద్ధుడి దగ్గర ఉండేవాడు, సోణుడని. సుకుమారంగా పెరిగినవాడు. నడుస్తూ ధ్యానం చేసి చేసి అరికాళ్ళు పగిలి రక్తం వచ్చింది. ఇక నావల్ల కాదు, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుంటాను అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి, "సోణా, ఇంట్లో ఉన్నప్పుడు వీణ బాగా వాయించేవాడివట కదా?" అని అడిగాడు. అవునన్నాడు. "తీగ మరీ బిగిస్తే పలుకుతుందా?" లేదన్నాడు. "మరీ వదులు చేస్తే?" అప్పుడూ లేదన్నాడు. కుర్రాడికి తెలిసిన వీణతోనే పాఠం చెప్పాడు. టీచర్లు ఎవరైనా ఉంటే ఇది గమనించండి.

ఇప్పుడు మూడో మాట. పాలీలో సతి. మన సతి కాదు, మన సతులు ఇంటి దగ్గర క్షేమంగా ఉన్నారు. (నవ్వులు) సంస్కృతంలో స్మృతి, అంటే జ్ఞాపకం. ఇంగ్లీషువాళ్ళు మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు, ఇప్పుడు ఫోనులో దానికి యాప్‌లొచ్చాయి. అచ్చ తెలుగులో ఎరుక అంటే నాకు బాగుంటుంది. కానీ జ్ఞాపకానికీ ఎరుకకీ ఏం సంబంధమని చాలా కాలం నాకు అర్థం కాలేదు. ఒక సూత్రంలో, అంటే ఉపదేశంలో, బుద్ధుడు సతిని కోట వాకిలి కాపలాదారుతో పోలుస్తాడు. తెలివైన కాపలాదారు కొత్తవాళ్ళని ఆపి, తెలిసినవాళ్ళని లోపలికి పంపుతాడు. అప్పుడు వెలిగింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఏం కావాలి? మొహాలు గుర్తుండాలి. నిన్న హల్వా దగ్గర మాట్లాడిన వకీలే ఇవాళ బిరియానీ దగ్గర వేరే చొక్కా వేసుకొచ్చాడని గుర్తుపట్టాలి. జ్ఞాపకం లేని కాపలాదారు మేలుకుని ఉన్నా ఒకటే, నిద్రపోయినా ఒకటే.

ఆ కాపలాదారు నిలబడాల్సిన చోటు ఇందాకటి వరసలోనే ఉంది. వేదనకీ తృష్ణకీ మధ్య. హాయిగా ఉంది అన్నదానికీ, ఇంకా కావాలి అన్నదానికీ మధ్య ఒక సందు. చాలా సన్నం. ఫోను టింగుమనగానే చెయ్యి జేబులోకి పోతుంది కదా, ఆ సందులోంచే పోతుంది. మీలో ఒకాయన ఇప్పుడే తీశారు కూడా. పర్లేదు, చూసుకోండి. (నవ్వులు)

సందులో నిలబడి ఏం చెయ్యాలి? తన్ని తరిమెయ్యాలా? ఎరుక సాధన గురించిన సతిపట్ఠాన సూత్రంలో మనసు గురించి చెప్పేచోట, భిక్షువు రాగంతో ఉన్న మనసుని రాగంతో ఉన్న మనసని తెలుసుకుంటాడు అంటాడు బుద్ధుడు. అంతే. కామచ్ఛందం ఉంటే ఉందని, లేకపోతే లేదని. అది ఎలా పుడుతుందో, ఎలా పోతుందో కూడా చూడమన్నాడు, కానీ మొదటి పని మాత్రం ఉన్నదాన్ని ఉందని ఒప్పుకోవడం. నా అనుభవంలో కష్టమైనదీ అదే. వదిలెయ్యమంటే వదిలేసినట్టు నటించడం సులువు. ‘నాకు ఇప్పుడు ఈర్ష్యగా ఉంది’ అని ఎవరూ వినకుండా మనలో మనం అనుకోవడానికి కూడా ప్రాణం ఒప్పదు.

విజయనగరం నుంచి వచ్చినవాళ్ళున్నారు కాబట్టి సిరిమాను గుర్తు చేస్తాను. పైడితల్లి అమ్మవారి ఉత్సవం, దసరా వెళ్ళిన తరవాత మంగళవారం. అంత పొడుగు మాను చివర పూజారిగారు కూర్చుని గుడికీ కోటకీ మధ్య ఊరేగుతుంటే, కింద జనం అరటిపళ్ళు విసురుతుంటారు. చిన్నప్పుడు మా అప్ప భుజమ్మీద కూర్చుని చూశాను. అందరూ పైకి చూస్తున్నారు, నేను మాత్రం కింద మాను కట్టిన బండిని పట్టుకున్నవాళ్ళని చూశాను. వాళ్ళు ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఇంకో ఉపదేశాల సంకలనం సంయుత్తనికాయంలో గడసానివాళ్ళ కథ ఒకటి ఉంది. వెదురుగడ ఎక్కి ఆడే గురువు, భుజాలమీద శిష్యుడు. గురువు అంటాడు: నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, అలా ఇద్దరం క్షేమంగా దిగుదాం. శిష్యుడు, అలా కాదు గురువుగారూ, మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటాను, అప్పుడే దిగుతాం అంటాడు. బుద్ధుడు శిష్యుడిదే సరైన పద్ధతి అన్నాడు. అక్కడితో ఆగలేదు. తనని కాచుకున్నవాడు ఇతరులని కాచినట్టే, ఇతరులని ఓర్పుతో, దయతో కాచినవాడు తనని కాచుకున్నట్టే అన్నాడు. ఈ రెండో సగం చెప్పకుండా ధ్యానం క్లాసులు నడపడం నాకు నచ్చదు. ఎరుక అంటే కళ్ళు మూసుకుని ఎవరి టెన్షన్ వాళ్ళు తగ్గించుకోవడం అనుకుంటే సిరిమాను ముందుకి కదలదు.

నా గంట అయిపోయింది. ఎవరైనా అడగండి.

(సభలోంచి ఒకరు: మాస్టారూ, ఇదంతా సన్యాసులకి సరిపోతుంది గానీ, లోన్లు, పిల్లల ఫీజులు ఉన్నవాళ్ళకి ఎలాగండీ?)

సరిగ్గా ఇదే బుద్ధుణ్ణి అడిగాడు దీఘజాణు అనే కోలియ వంశస్థుడు. "మేము పిల్లాపాపలతో ఉండేవాళ్ళం, గంధం, పూలు, వెండి బంగారాలు వాడేవాళ్ళం, మాకు పనికొచ్చేది చెప్పండి" అన్నాడు. అన్నీ వదిలి రా అనలేదు బుద్ధుడు. పని నేర్పుగా, బద్ధకం లేకుండా చెయ్యి, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్ళతో స్నేహం చెయ్యి, రాబడికి తగ్గట్టు ఖర్చు పెట్టు అన్నాడు. రాబడికి మించి ఖర్చు పెట్టేవాణ్ణి మేడిపళ్ళు తినేవాడితో పోల్చాడు. చెట్టు మొత్తం దులిపేసి నాలుగు తిని పోయేవాడన్నమాట. ఈఎంఐల గురించి ఇంతకంటే బాగా బ్యాంకువాళ్ళు కూడా చెప్పలేరు. చెప్పరు కూడా.

(ఒక అమ్మాయి: కోరిక పోవాలని కోరుకోవడం కూడా కోరికే కదా సార్?)

శభాష్. నీకంటే ముందు ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు కౌశాంబిలో బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి ఇదే అడిగాడు. ఛందంతో ఛందాన్ని పోగొట్టుకోవడమంటే దానికి అంతు ఉండదు కదా అని. ఆనందుడు ఎదురు ప్రశ్న వేశాడు. "ఈ తోటకి రావాలని నీకు ఇంతకుముందు ఛందం ఉండేదా?" ఉండేది. "వచ్చాక అది ఏమైంది?" తగ్గిపోయింది. అంతే నాయనా అన్నాడు.

నువ్వే చూడమ్మా. మధ్యాహ్నం ఈ సభకి రావాలనిపించిందా? వచ్చావు. ఇప్పుడు ఆ రావాలన్న కోరిక ఎక్కడుంది?

(అమ్మాయి: లేదు సార్. ఇప్పుడు ఇంటికి పోవాలనుంది. ఆమదాలవలస బస్సు ఉంది. పెద్ద నవ్వులు)

అయితే లేవమ్మా, బేగి వెళ్ళు. దారివ్వండి ఆ అమ్మాయికి. గుమ్మం దగ్గర చెప్పులన్నీ కలిసిపోయి ఉన్నాయి, చూసి తొడుక్కో.